గుంపులో కలవని చుక్క

సిద్దిపేటలో బావుల సర్వే చేసే చిన్న ఆఫీసు అది. ముప్పై బావుల్లో, బోర్లలో నెలకోసారి టేపు వదిలి, నీళ్లెంత లోతున ఉన్నాయో రాసుకురావడం ఖుతుబుద్దీన్ పని. పన్నెండేళ్లుగా అదే పని. అతను రాసిన అంకెలన్నిటినీ 1998 మార్చిలో, కొత్తగా వచ్చిన కంప్యూటర్లోకి ఎక్కించింది అక్కడి అధికారి స్వరాజ్యలక్ష్మి మేడం.

అప్పటికి చిన్నకోడూరు దగ్గరి ఎర్రగుంటపల్లెలో తాగునీటి బావి అడుగంటింది. ఆడవాళ్లు గిన్నెలతో బురద తోడి, బట్టలో వడగట్టుకుంటున్నారు. పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఇద్దరిని దవాఖానలో చేర్చారు. బోరు బండి ఒక్క రోజుకే దొరికింది, అదీ మర్నాడే. ఎక్కడ వేయాలో మేడం చెప్పాలి.

“ఖుతుబ్ భాయ్, గిటు రండి,” అని పిలిచిందామె.

తెర నిండా చుక్కలు. “ఒక్కో చుక్క ఒక్కో బావి. నీళ్లు కలిసి ఎక్కి కలిసి దిగే బావులన్నీ ఒక్క గుంపుల పడ్తయి. తీరు వేరున్నది దూరం పోతది.”

మౌసుతో ఒక చుక్కను నొక్కితే ఆ బావి నీటిమట్టం చూపే గీత కింద విచ్చుకుంది. పక్కదాన్ని నొక్కినా అదే ఎక్కడం, అదే దిగడం. తాగునీటి బావి, దాని చుట్టూ తొమ్మిది పొలం బోర్లు, అన్నీ ఒకే గుంపు.

“ఇవన్నీ ఒక్క బండ పగులు నీళ్లే గుంజుతున్నయి. గాడ ఇంకో బోరేస్తే లాభం లేదు. కానీ గిది చూడండి!” మూలన ఒంటరిగా ఉన్న చుక్కను చూపించిందామె. రాజమల్లయ్య పాడుబావి. “అవి దిగినా ఇది దిగలే. దీనికి వేరే ఊట ఉన్నది. రేపు బండి గాడికే.” మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. వారం రోజులుగా ఆమెకు నిద్ర లేదు.

రెండేళ్లుగా ఖుతుబుద్దీన్ ఆ బావి మొహం చూడలేదు. భార్య ఖాతూన్‌కు పక్షవాతం వచ్చాక, రెండు మైళ్లు ముళ్లబాట పట్టి పోలేక, ఆమె మంచం పక్కన కూర్చుని నోటికొచ్చిన అంకె రాసేవాడు. పాడుబావిని ఎవరు పట్టించుకుంటారనుకున్నాడు.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. బోరు పడకపోతే జనం తలరాత అనుకుంటారు. కానీ పొద్దున దవాఖానలో చూసిన పిల్ల, మంచానికి అంటుకుపోయిన ఆ ఒళ్లు, కళ్ల ముందు నుంచి కదల్లేదు.

“మేడం, గాడికి బండి పంపకుండ్రి. ఆ లెక్కలు... నేను ఇంట్ల కూసొని రాసిన.”

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. “ఇంకేమన్న గిట్లనే రాసిన్రా?”

“అల్లా మీద ఒట్టు, గదొక్కటే.”

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ పాడుబావికి పోయారు. టేపు అరవై అడుగులు దిగింది. పైకి లాగితే కొసకు దుమ్ము తప్ప తడి లేదు.

ఇక మిగిలింది ఆ ఒక్క గుంపే. మర్నాడు బోరు బండిని వాపసు పంపి, తొమ్మిది బోర్ల రైతులను కూర్చోబెట్టి, తాగునీటి బావిలో నీళ్లు ఊరేదాకా మోటార్లు ఆపమని అడిగింది మేడం.

“పొట్టకొచ్చిన వరిని ఎండబెట్టుమంటున్నవా?” అని లేచాడు ఆ రైతుల్లో ఒకడు, పర్శరాములు. “బండిని ఎందుకు వాపసు పంపినవ్?”

ఖుతుబుద్దీన్ ముందుకొచ్చాడు. తను చేసిందంతా దాచకుండా చెప్పాడు. ఎవరో కాలర్ పట్టుకున్నారు. వదిలించుకోలేదు.

“ఆయన్ను కొడ్తె నీళ్లొస్తయా?” అంది వెనక నుంచి పోచవ్వ. మొగుడు లేని మనిషి, ఉన్నది ఎకరం పొలం. “నా మోటరు బంద్ పెడ్త. నా మనుమరాలు గా దవాఖాన్లనే ఉన్నది.”

ఆ రోజు ఐదు మోటార్లు ఆగాయి. తక్కినవి ఆగడానికి మూడు రోజుల కొట్లాట పట్టింది. మేడం ఖుతుబుద్దీన్ మీద రిపోర్టు రాసింది. అతను సంతకం పెట్టాడు. పని పోయేదాకా రోజూ తాగునీటి బావి దగ్గరికి వచ్చి కొలుస్తూనే ఉన్నాడు.

ఆరో రోజుకు జానెడు నీళ్లు ఊరాయి. దవాఖాన నుంచి ఒక పిల్ల ఇంటికొచ్చింది. పోచవ్వ మనుమరాలు ఇక రాలేదు.

మరో వారానికి ఎండిన వరిలోకి బర్రెను మేతకు తోలుతూ పోచవ్వ బావి దగ్గర ఆగింది. “ఎంతున్నయి, సాయబన్నా?”

అతను రెండోసారి టేపు వదిలి, సరిచూసుకుని చెప్పాడు.

“మూరెడు, పోచవ్వా.”

ఆమె బర్రెను అదిలించుకుంటూ పొలంలోకి దిగింది.