‘లేరు’ అనకూడని సర్వరు

వాణి! పలుకు లిచ్చు వారిజాసన రాణి!
చేరి మమ్ము నెపుడు చేయి పట్టు
అడుగ నిచ్చు తల్లి! యందరి చిరునామ
లెరిగి చేర్చు తెలివి యిమ్ము మాకు.

అక్షరానికి అధిదేవత అయిన ఆ తల్లికి నమస్కరించి ఈ కథ మొదలుపెడుతున్నాను.

మాధాపూర్ వైపు గాజు మేడలు లేస్తున్న రోజులవి. కంప్యూటరు చదువు చదివిన ప్రతివారూ ఉదయాన్నే అటు వెళ్ళే బస్సు ఎక్కుతూ ఉంటే, ఖుష్నుమా మాత్రం పద్మారావు నగర్‌లో తండ్రి నడిపే శుభలేఖల ప్రెస్సులోనే కూర్చున్నది. తండ్రి పేరు ఇమాం వలి. మారేడ్‌పల్లి మొదలు బొల్లారం దాకా తెలుగువారి ఇళ్ళలో పెళ్ళి కుదిరితే శుభలేఖ చాలావరకు ఆయన దగ్గరే అచ్చయ్యేది. అందులోని పద్యాలూ శ్లోకాలూ తప్పు లేకుండా చూసేందుకు ఎల్లాజీ మాస్టారు ఉండేవారు. విజయనగరం నుంచి వచ్చి, ఇక్కడి బడిలో తెలుగు చెప్పి, పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. ఆయన చూడని ప్రూఫును ఇమాం వలి యంత్రం ఎక్కించేవాడు కాడు.

ప్రూఫులు ఈ-మెయిలులో పోవడం, దిద్దుబాట్లు ఈ-మెయిలులో రావడం అప్పటికి అలవాటవుతున్నది. ఖుష్నుమా ప్రతి పెళ్ళికీ పెళ్ళికూతురి పేరుతో ఒక చిరునామా ఏర్పరచింది. దానికి ఎవరు ఉత్తరం రాసినా అక్షరాలు కూర్చేవారికీ, మాస్టారికీ, పెళ్ళివారికీ ఒకేసారి అందుతుంది. మొదట్లో ఆ చిరునామాలు ఉత్తరాలు పంచే సర్వరు లోపలే ఒక ఫైలులో ఉండేవి. కొత్త పెళ్ళి వచ్చినప్పుడల్లా ఆమే కూర్చుని అందులో రాయాలి. ఆమెకు జ్వరం వస్తే పని ఆగిపోయేది. అందుకని సర్వరును డేటాబేసుతో కలిపింది. ఇకమీదట ఉత్తరం వచ్చిన క్షణాన సర్వరు డేటాబేసును అడుగుతుంది, ఈ పేరు మనకు తెలుసా, తెలిస్తే ఎవరెవరికి అందించాలి అని. డేటాబేసు తన పట్టికలో వెదికి జవాబు చెబుతుంది. కొత్త పేరు చేర్చాలంటే సర్వరు జోలికి పోనక్కరలేదు. తెర మీద గడి నింపితే చాలు.

ముందుగా తన పేరు చేర్చి, తనకు తానే ఒక ఉత్తరం రాసుకున్నది. అందింది. సంతోషించి, పెళ్ళికూతుళ్ళ పేర్లు నింపే పని మాస్టారికి అప్పగించింది. తెలియని పేరుకు ఉత్తరం వస్తే సర్వరు తిరిగి పంపే ఇంగ్లీషు వాక్యాన్ని కూడా తీసివేసి, మన భాషలో తానే ఒక వాక్యం రాసి పెట్టింది.

ఇమాం వలికి ఈ వ్యవహారం మీద నమ్మకం అంతంతమాత్రం. ఒక్క పెళ్ళివారు నొచ్చుకున్నా ఇదంతా మూసేసి మళ్ళీ ఫోన్లూ సైకిళ్ళే నడిపిస్తానని, అప్పుడు ఆమె కూడా అందరిలాగే మాధాపూర్‌లో ఉద్యోగం చూసుకోవాలని ముందే చెప్పి ఉంచాడు. ఆమెకేమో ఈ సిరా వాసన విడిచి ఎక్కడికీ వెళ్ళాలని లేదు.

మారేడ్‌పల్లిలో సీతారత్నం అనే ఆవిడ ఉండేది. ఆమె కూతురు భానుప్రియ పెళ్ళి శుభలేఖ ప్రూఫులో ఉన్నది. పురోహితుడు ముహూర్తాన్ని కొంచెం జరిపేసరికి, ఆ మార్పును ఆమె భానుప్రియ పేరిట ఉన్న చిరునామాకు రాసి పంపింది. కొత్త ఏర్పాటుకు పెళ్ళివారి నుంచి వచ్చిన మొదటి ఉత్తరం అదే. ఉత్తరం వెనక్కి వచ్చింది. అందులో “ఈ క్రిందివారు లేరు” అని ఉండి, దాని కింద భానుప్రియ పేరు ఉన్నది.

ఆవిడ ప్రెస్సుకు ఫోను చేస్తే ఇమాం వలి ఎత్తాడు. ఆవిడ గొంతు పెంచలేదు, అదే ఆయనను ఎక్కువ భయపెట్టింది.

“ఏటండీ ఇది? పసుపు దంచిన ఇంట్లో చదవాల్సిన మాటేనా? చిన్నపిల్లని ‘లేదు’ అన్నా సరిపెట్టుకుందును. ‘లేరు’ అంట. పేపర్లో ఫొటో వేసి రాస్తారే, అలాగ.”

తాను రేపు వస్తానని, శుభలేఖ ఇక్కడ వేయించేదీ మానేదీ అప్పుడే తేలుస్తానని చెప్పి ఫోను పెట్టేసింది.

ఇమాం వలి గల్లాపెట్టె మూసి కూతురి దగ్గరికి వచ్చాడు. “బేటీ, గా తల్లి దిల్‌కు ఎంత తక్లీఫ్ అయ్యుంటదో సోచాయించు. రేపు ఆమె వాపస్ పోయిందంటే గిదంత బంద్ చేస్తా,” అన్నాడు.

ఖుష్నుమా పట్టిక తెరిచి చూసింది. విషయం ఒక్క చూపులో అర్థమైంది. పెళ్ళికూతుళ్ళ పేర్లలో ఒక్కటీ ఒంటరిగా లేదు. ప్రతి పేరుకూ ముందు ‘చి.ల.సౌ.’ అని చేర్చి ఉన్నది. సర్వరు భానుప్రియను అడిగితే, పట్టికలో ఉన్నది చి.ల.సౌ. భానుప్రియ. మనుషులకు ఇద్దరూ ఒకరే. యంత్రానికి కారు. ఆమె ఆ గౌరవాలన్నిటినీ ఒక్క ఆజ్ఞతో తుడిచివేసింది. మరుక్షణం ఉత్తరాలు అందసాగాయి.

సాయంత్రం మాస్టారు వచ్చి తెర మీద పట్టిక తెరిచారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది.

“ఏమైంది తాతగారూ? చాయ్ సుత ముట్టలేదు,” అన్నది ఖుష్నుమా.

“ఇంతమంది ఆడపిల్లల పేర్లు ఇలా బోసిగా చూస్తే చెయ్యి ఆడటం లేదమ్మా. బతికి పదికాలాలు ఉండవలసినవాళ్ళ పేరు ముందు దీవెన లేకుండా నేనెప్పుడూ రాయలేదు.”

“మిషన్‌కు దీవెనలు తెల్వయి తాతగారూ. అడిగిన పేరు అట్లనే దొరకాలె.”

“దానికి తెలియకపోతే పోనీ. రాసేవాణ్ణి నేను కదా.”

ఆయన కోపంగా అనలేదు. పాఠం అర్థం కాని పిల్లకు మరోసారి చెప్పినట్టు అన్నారు. ఖుష్నుమా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నది. పట్టికలో పేరుకు ముందు మరొక నిలువు గడి చేర్చి, దానికి ‘గౌరవం’ అని పేరు పెట్టింది. సర్వరు వచ్చి అడిగేది పేరు గడినే. తెర మీద మనిషి చూసేటప్పుడు మాత్రం రెండు గడులూ కలిసి ఒకే వరుసగా కనిపిస్తాయి. మాస్టారు ఒక్కొక్క పేరుకూ చి.ల.సౌ. మళ్ళీ చేర్చుకుంటూ వచ్చారు.

“ఇగ గా ‘లేరు’ ఉన్నది కదా, దాని జాగాల ఏం పెట్టాలె?” అని ఆమె అడిగింది. “తెల్వని పేరుకు ఉత్తరం వస్తే ఏదో ఒకటి చెప్పాలె గద.”

“మీ ఇంట్లో డబ్బాలో బియ్యం అయిపోతే మీ నానమ్మ ఏమంటుంది?”

“దాదీనా? నిండుకున్నయ్ అంటది.”

“లేవు అనదు కదా. మరి సర్వరు చేత ఎందుకు అనిపించాలి?”

ఖుష్నుమా నవ్వింది. ఇద్దరూ కలిసి ఒక వాక్యం రాశారు. ఆమె రాసినదాంట్లో ఆయన ఒక విభక్తి దిద్దారు. ఆయన రాసినదాంట్లో ఆమె ఒక సమాసాన్ని కొట్టివేసి, చదివేవాళ్ళకు నిఘంటువు కూడా పంపాలా అని అడిగింది. ఆయన దానికీ ఒప్పుకున్నారు.

మరునాడు సీతారత్నం వచ్చింది. ఇమాం వలి కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు. ఖుష్నుమా జరిగినదంతా దాచకుండా చెప్పింది. మాస్టారి దీవెనే యంత్రానికి అడ్డు పడిందని విన్నప్పుడు ఆవిడ ముఖం కొంచెం మెత్తబడింది. అయినా నమ్మలేదు. కంప్యూటరు ముందుకు తానే వచ్చి, కావాలనే భానుప్రియ పేరులో ఒక అక్షరం తప్పు రాసి ఉత్తరం పంపింది. నిమిషంలో జవాబు తిరిగి వచ్చింది. దాన్ని ఆమె పైకి చదివింది.

“ఈ పేరు గలవారు మా ఇంటికి ఇంకా రావలసి ఉన్నది. వచ్చిన నాడు ఆదరంతో ఉత్తరం అందిస్తాము. దయచేసి పేరు ఒకసారి సరిచూసి పంపండి.”

చదివి, మళ్ళీ ఒకసారి తనలో తాను చదువుకున్నది. పెదవి చివర నవ్వు ఆగలేదు.

“మా అత్తగారు గుమ్మంలో నిలబడి మాటాడినట్టుంది,” అన్నది. తర్వాత అక్షరం సరిచేసి పంపింది. పక్క గదిలో కూర్పు చేసేవారి కంప్యూటరు టింగుమన్నది. అప్పుడు ఆమె కుర్చీలో కూర్చుని, కొత్త ముహూర్తం దిద్ది అచ్చు వేయమని ఇమాం వలికి చెప్పింది.

ఆవిడను వాకిలి దాకా సాగనంపి వచ్చి, ఇమాం వలి కూతురి వెనుక నిలబడ్డాడు. ఆమె తల ఎత్తలేదు. ఆయన ఏమంటాడో అని వేళ్ళు మీటల మీద ఆగి ఉన్నాయి.

“బొల్లారం పెళ్ళిళ్ళు సుత దీంట్లనే ఎక్కించు,” అన్నాడాయన. “జెర జల్దీ.”

ఈ కథ విన్నవారికీ, చదివినవారికీ, చదివి వినిపించినవారికీ ఇంట శుభకార్యాలు వరుసగా జరుగుగాక. వారి పేరు ఎవరు తలచినా ముందు ఒక దీవెన పలుకుగాక. వారికోసం బయలుదేరిన ప్రతి మంచి మాటా దారి తప్పక వారి గుమ్మం చేరుగాక. స్వస్తి.