బండి కంటే ముందు

పొద్దున్నే దస్తగిరి సాబు చేసే మొదటి పని బండి మూతి తెరిచి నీళ్ళు పోయడం. రెండో పని బీడీ ముట్టించడం. ఆ తర్వాత, కొత్తగా పనిలో చేరిన లేవి కోపం ఈ రోజు ఎందాకా వచ్చిందో కనుక్కోవడం.

"ఏమప్పా లేవీ, ఈ పొద్దు ఎవురిని కూలదోస్తాండావు?"

"ముందు టైర్లలో గాలి చూడన్నా. కూలదోసేటప్పుడు నీకు చెప్పకుండా పోతానా," అనేవాడు లేవి, తోలుపెట్టెలో కట్టుగుడ్డలు సర్దుకుంటూ.

కమలాపురం దాటినాక రోడ్డు పక్కన ఉన్న ఆ చిన్న మిషన్ ఆసుపత్రికి ఉన్నది ఒకటే మోటారు బండి. అది బర్మా యుద్ధంలో పనిచేసి వచ్చింది. కర్నూలు రాజధాని అయిన ఏడాది ఎవరో పుణ్యాత్ముడు వేలంలో కొని ఆసుపత్రికిచ్చాడు. దాని వెనక స్ట్రెచరు పక్కన కూర్చుని పోవడం లేవి ఉద్యోగం. విరిగిన కాలికి చెక్కలు కట్టడం, కారే నెత్తురు ఆపడం, ఆగిన ఊపిరి ఆడించడం మద్రాసులో నేర్చుకుని వచ్చాడు. సాయంత్రాలు హార్బరు కూలీల సభలకు పోయి నినాదాలు కూడా నేర్చుకున్నాడు. కట్టు కట్టేటప్పుడు అతని చేతులు ఎంత మెత్తగా ఉండేవో, మాట్లాడేటప్పుడు నోరు అంత గట్టిగా ఉండేది.

ఆ బండికి ఒక అలవాటు ఉంది. చుట్టుపక్కల ఎవరికైనా ప్రాణం మీదికొస్తే, బండి కదలకముందే దాని నీడ కదిలేది. చక్రాల నీడలతో సహా లేచి, గేటు దాటి, రోడ్డు మీద జారుకుంటూ పోయేది. కష్టంలో ఉన్న మనిషి మీద పరుచుకుని, బండి వచ్చేదాకా అక్కడే ఉండేది. చేలల్లో పనిచేసే ఆడవాళ్ళు దాన్ని చూసి, కొడవళ్ళు పక్కకు తీసి దారి ఇచ్చేవారు. "ఆసుపత్రి నీడ పోతాండాది, ఎవురికేమైందో పాపం," అనుకుని మళ్ళీ వంగేవారు. ఆ ఎండల్లో నీడంటూ ఒకటి నడిచి రావడమే గొప్ప. ఎట్లా వస్తుందని అడిగే తీరిక ఎవరికీ లేదు.

డాక్టరమ్మ ఏసుమణి మొదటిరోజే లేవికి తేల్చి చెప్పింది. "నీడ యాడికి పోతే బండి ఆడికి పోవల్ల. అది ఎవురి ఇల్లని అడగడం నీ పని కాదు. ఈ ఎండాకాలం దాటేదాకా నిన్ను చూస్తా. దావ తప్పినావంటే నీకు ఈడ పనుండదు."

లేవికి ఆ మాట నచ్చింది. అడగాల్సిన అవసరమే లేదని అతని నమ్మకం. నీడ ఎప్పుడూ నాపరాళ్ళ గనిలో దెబ్బతిన్న కూలీ మీదికో, కాన్పు కష్టమైన గుడిసెలోకో పోయేది. ఆ గని సొంతదారు, ఎగువ పల్లె ఓబుళరెడ్డి ఇంటికి మాత్రం ఒక్కసారీ పోలేదు.

రెడ్డి పిలవక కాదు. ఆసుపత్రి నిలబడ్డ స్థలం వాళ్ళ నాయన ఇచ్చింది. కాబట్టి బండి తన గాటన కట్టేసిన ఎద్దేనని ఆయన లెక్క. మెడ పట్టినా కబురే, మాంసం అరక్కపోయినా కబురే. కబురు తెచ్చే జీతగాడు తిమ్మన్న చంకలో ఎప్పుడూ ఒక మడత దుప్పటి ఉండేది. స్ట్రెచరు మీద ఎవరెవరో పడుకుని ఉంటారు గనక, దాని మీద దుప్పటి పరిస్తేగాని రెడ్డి బండెక్కడు.

ఆ దుప్పటిని చూస్తే లేవికి ఒళ్ళు మండేది. లేవి తాత రెడ్డి పొలంలో బావి తవ్వినవాడు. నీళ్ళు పడినాక, ఆ బావి గట్టు కింద దోసిలి పట్టి, పైనుంచి ఎవరో పోస్తే తాగినవాడు.

అందుకే తిమ్మన్న వచ్చినప్పుడల్లా లేవి అతన్ని బండి దగ్గరికి తీసుకుపోయి కిందికి చూపించేవాడు. నీడ చక్రాల మధ్య కుక్కలాగా ముడుచుకుని పడుకుని ఉండేది.

"చూడు తిమ్మన్నా. లేచిందా?"

"లేయల్యా."

"పోయి చెప్పు మీ రెడ్డికి, శొంఠి అరగదీసి పట్టేసుకోమని. ఇది కష్టజీవుల నీడ. మన మనిషి."

"నీడకు గూడా పార్టీ చీటీ రాసిచ్చినావా అప్పా," అని నవ్వేవాడు దస్తగిరి.

లేవి నవ్వేవాడు కాదు. లోకంలో న్యాయం అనేది ఒకటి నేలమీద నడుస్తోందని, తాను దాని వెనకే పోతున్నానని నిజంగా నమ్మాడు. జీతం తక్కువైనా, బండి కుదుపులకు నడుం విరుగుతున్నా, ఆ నమ్మకంతో హాయిగా నిద్రపోయేవాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం రెండు కబుర్లు ఒక్కసారే వచ్చిపడ్డాయి. డాక్టరమ్మ లోపల కాన్పు గదిలో ఉంది. కుడివైపు నుంచి, గనిలో బండలు కొట్టే, లేవికి వరసకు మామయ్యే దాసన్న పెండ్లాం గిడ్డమ్మ ఏడుస్తూ వచ్చింది.

"లేవీ, మీ మామ కాలు మీద బండ పడిందిరా."

ఎడమవైపు నుంచి తిమ్మన్న వచ్చాడు. పరిగెత్తి పరిగెత్తి గేటు పట్టుకుని వంగిపోయాడు. "రెడ్డికి... రెడ్డికి..." అన్నాడు గాని, ఊపిరి అందలేదు.

"మెడనా, కడుపా?" అన్నాడు లేవి.

అప్పుడే నీడ లేచింది. గేటు దాటింది. కుడికి తిరగలేదు. ఎడమకి, ఎగువ పల్లె వైపు, ఎన్నడూ లేనంత వేగంగా పోయింది.

లేవి ముఖం నల్లబడింది. కన్నవాళ్ళు మోసం చేసినా అంత కోపం వచ్చేది కాదేమో.

"ఇది గూడా అమ్ముడుపోయింది," అన్నాడు.

దస్తగిరి బండి స్టార్టు చేసి ఎడమకి తిప్పబోయాడు.

"కుడికి పోనీ అన్నా. ముందు గని."

"నీడ ఎడమకి పోయిందప్పా."

"పోనీలే. ఎన్ని తరాల నుంచి ముందు వాళ్ళకేనన్నా? ఒక్కసారి వెనక నిలబడనీ. డాక్టరమ్మకు నేను చెప్పుకుంటా."

దస్తగిరి అతని ముఖం చూసి కుడికి తిప్పాడు. గిడ్డమ్మా, తిమ్మన్నా వెనక ఎక్కారు. నీడ లేని బండి ఆ ఎండలో చెప్పుల్లేని మనిషిలాగా తడబడుతూ పోయింది. దారిలో గొర్రెల కాపరి ఒకడు బండి కిందికి వంగి చూసి, తలమీది తుండు తీసి నిలబడిపోయాడు.

గని కనబడుతుండగా లేవి చూపు తిమ్మన్న చంక మీద పడింది.

"దుప్పటి ఏది తిమ్మన్నా?"

"దుప్పటి మడిచేంత టైము యాడిదప్పా," అన్నాడు తిమ్మన్న. ఇప్పుడు గాని అతనికి గొంతు రాలేదు. "ఇంటికి నాపరాళ్ళు తోలిస్తా ఉంటే ఇరుసు విరిగి ఎద్దులబండి తిరగబడింది. రెడ్డి కాలు దాని కింద ఉండాది. ఎత్తబోతే రాళ్ళు ఆయన మీదికే జారతాండాయి. నడి ఎండలో పడుండాడు."

లేవికి తెలిసిన నినాదాల్లో ఆ సమయానికి ఒక్కటీ అక్కరకు రాలేదు.

గని దగ్గర దాసన్న ఒక బండ మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. కాలి బొటనవేలికి ఎర్రగుడ్డ చుట్టి ఉంది.

"వేలు నలిగితే బండి పిల్చుకొచ్చినావేమే," అన్నాడు పెండ్లాంతో. "నేను తుమ్మితే గూడా దీనికి శవం లేచినట్లేరా లేవీ." అంటూనే బండి కిందికి చూశాడు. బీడీ నోట్లోనే ఆగిపోయింది. "నీడ యాడ రా?"



"అది పోవల్సిన తావుకు పోయింది," అన్నాడు దస్తగిరి. "మేమే ఈడికొచ్చినాం."

తిమ్మన్న రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. దాసన్న బీడీ పారేసి లేచి, కుంటుకుంటూ గనిలోకి కేకేశాడు. "గడ్డపారలు తీసుకుని నలుగురు రాండప్పా. పొద్దున మనం నింపిన బండే అది."

"రెడ్డి కోసరమా?" అన్నాడు ఒకడు, సమ్మెట దించకుండా. "కూలి పెంచమంటే కుక్కను వదిలినాడే, ఆ రెడ్డి కోసరమా?"

"కుక్క సంగతి రేపు అడుగుదాం. అడగనీకన్నా ఆయప్ప బతకల్ల గదా."

నలుగురూ ఎక్కారు. దాసన్న కూడా ఎక్కాడు. దస్తగిరి అంత వేగంగా బండి తోలడం ఆ రోడ్డు అంతకుముందు చూడలేదు.

ఎగువ పల్లె దారిలో చెట్టు లేదు. తెల్లటి నేల పెనంలాగా కాలుతోంది. తిరగబడ్డ బండి, చెదిరిన రాళ్ళు, చుట్టూ ఎండలో నిలబడ్డ జనం. మధ్యలో ఓబుళరెడ్డి. ఆయన మీద ఆసుపత్రి నీడ.

కానీ అది మామూలు నీడలాగా లేదు. ఎదురుచూసి ఎదురుచూసి ఎండకు అరిగిపోయింది. చక్రాలు లేవు, మూలలు లేవు. అంచులు చిరిగి, ఉన్న కాస్తా ఆయన ముఖం మీదికీ గుండె మీదికీ లాక్కుని కప్పుకుని ఉంది. రెడ్డి భార్య సుబ్బలక్ష్మమ్మ తాను ఎండలో కూర్చుని, ఆ నీడలోకి చెయ్యి చాచి నీళ్ళు తాపుతోంది. ఎండకు తట్టుకోలేక కూలబడుతున్నవాళ్ళు కూడా అందులోకి కాలు పెట్టలేదు. అది ఆయన కోసం వచ్చిన నీడ.

లేవి మోకాళ్ళ మీద పడ్డాడు. తొడకు పట్టీ బిగించాడు. "నేను చెప్పినప్పుడే ఎత్తండి," అన్నాడు. గని మనుషులు గడ్డపారలు దూర్చి, చిన్న రాళ్ళు ఒత్తు పెట్టి, "ఐసా" అన్నారు. బండి పైకి లేచింది. లేవి రెడ్డి చంకల్లో చేతులు వేసి బయటికి లాగాడు. ఎముక విరిగింది. నెత్తురు ఆగింది. మనిషి ఉన్నాడు.

చెక్కలు కట్టి స్ట్రెచరు మీద పడుకోబెట్టేటప్పుడు దుప్పటి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కడపకు పోయే దారంతా రెడ్డి తల ఊగకుండా దాసన్న ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎర్రగుడ్డ చుట్టిన కాలు పక్కకు చాపుకున్నాడు.

కొంతసేపటికి రెడ్డి కళ్ళు తెరిచాడు. "ఎవురప్పా నువ్వు?"

"దాసన్నను. మీ గనిలో బండలు కొడతా."

"కాలికేమైంది?"

"మీ బండ పడింది."

"నా మీదా నా బండే పడింది," అన్నాడు రెడ్డి. నవ్వబోతే నొప్పి పుట్టి మూలిగాడు. దాసన్న నవ్వాడు. లేవికి ఆ ఇద్దరి మీదా కోపం వచ్చింది. మరుక్షణం తన మీదే వచ్చింది. అయినా పట్టీ వదులు చేయాల్సిన సమయం కావడంతో ఆ కోపం పక్కన పెట్టాడు.

కడప పెద్దాసుపత్రిలో రెడ్డి కాలు నిలబడింది, కాస్త కుంటుతో. సుబ్బలక్ష్మమ్మ ఆ దుప్పటిని ఉతికించి ఆసుపత్రికే పంపేసింది. ఇప్పుడది స్ట్రెచరు మీదే ఉంటుంది, ఎవరు పడుకుంటే వాళ్ళ కింద. రెడ్డి ఇంటికి వచ్చిన రోజే గని మనుషులు నలుగురూ కూలి సంగతి అడగడానికి పోయారు. లేవీ వాళ్ళ ముందు నడిచాడు. కుక్కను వదల్లేదు. కూలి అణా పెరిగింది. చాలదని లేవి ఇప్పటికీ అంటున్నాడు.

కానీ ఆ ప్రమాదం నాటి నుంచి బండి నీడ మునుపటిలాగా లేదు. చిరిగిన గుడ్డపేలికలాగా చక్రాల కిందే పడి ఉండేది. డాక్టరమ్మ వంగి దాన్ని చూసింది, తర్వాత లేవిని చూసింది. "ఎండాకాలం ఇంకా అయిపోల్యా," అని మాత్రం అని లోపలికి పోయింది. లేవి రోజూ దాని మీద ఒక చెంబు నీళ్ళు చల్లేవాడు.

జూన్ మొదట్లో ఒక పగలు. ఇద్దరూ బండి పక్కన నిలబడి ఉన్నారు. లేవి కట్టుగుడ్డలు చుడుతూ, భూముల పంపకం గురించి గట్టిగా చెబుతున్నాడు. దస్తగిరి వినడం మానేసి అతని కాళ్ళ వైపు చూస్తున్నాడు.

"అప్పా లేవీ. నీ కాళ్ళ కింద చూసుకో."

లేవి చూసుకున్నాడు. కాళ్ళ కింద నీడ లేదు. అది అప్పటికే గేటు దాటింది. చేతిలో తోలుపెట్టె నీడ పట్టుకుని, సన్నగా, పొడుగ్గా, పరిగెత్తుతూ పోతోంది.

లేవి చెబుతున్న మాట మధ్యలోనే వదిలేసి, పెట్టె అందుకుని బండెక్కాడు.

"అది ఏ పక్షమో అడగల్యా?" అన్నాడు దస్తగిరి, తాళం తిప్పుతూ.

"అడగడానికి నిలబడితే గదన్నా," అన్నాడు లేవి. "పోనీ."

బండి గేటు దాటింది. నీడ ఏ ఊరి దారి పట్టిందో దస్తగిరి చూశాడు. లేవి మాత్రం చెక్కలు విప్పుకుంటున్నాడు.