మంచు బండికి రాగి తీగ

పాతపట్నంలో మోపెడ్ మొరాయించిందంటే అసిరయ్య షాపుకే తోసుకురావాలి. ఆయన మంచి మెకానిక్కే, అనుమానం లేదు. ఆ సంగతి ఆయనకి మరీ ఎక్కువగా తెలుసు, అదే చిక్కు. ఇంజను చప్పుడు వింటే చాలు, జబ్బేమిటో చెప్పేస్తానంటాడు. చాలాసార్లు చెప్పేస్తాడు కూడా.

మాఘమాసంలో ఓ రోజు పొద్దున్న పది గంటలకి మేనల్లుడు త్రినాథ్ వీడియో కాల్ చేశాడు. త్రినాథ్ మిలటరీలో డ్రైవరు. హిమాలయాల్లో ఎక్కడో ఉంటాడు, ఆ చోటు పేరు చెప్పకూడదట.

"మావా, బేగి సూడు! ఇది మంచు మీద నడిసే స్కూటరు. పాతది. స్టార్టవుతాది గానీ ఎక్సలేటరిస్తే సచ్చిపోతన్నాది."

అసిరయ్య బండిని తర్వాత చూశాడు. ముందు దాని వెనకున్న తెలుపు చూశాడు. నేలా తెలుపే, కొండా తెలుపే, ఆకాశం ఎక్కడ మొదలయిందో తెలియలేదు. అరవై ఏళ్ల మనిషి, చేతిలో టీ గ్లాసు పట్టుకుని నోరు తెరిచేశాడు.

బండి వెనక కట్టిన చెక్కబల్ల మీద దుప్పట్లలో ఒక పిల్ల మూలుగుతోంది. వాళ్ల సైనిక పోస్టు పక్క ఊరి అమ్మాయట. తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. ఆస్పత్రేమో దిగువన లోయలో ఉంది. రోడ్డు మంచులో మునిగిపోయింది, పొగమంచుకి హెలికాప్టర్ లేవలేదు, మెకానిక్ సెలవు మీద వెళ్లాడు. మిగిలింది కింద క్యాంపు నుంచి మొన్ననే ఎక్కించిన ఈ పాత బండి ఒక్కటే.

"ఓస్, ఇంతేనేటి! సలికి ఇంజను గడ్డకట్టినాది. చోక్ లాగి కొట్టు," అన్నాడు అసిరయ్య.

త్రినాథ్ చోక్ లాగాడు. బండి రెండుసార్లు దగ్గి పూర్తిగా ఆగిపోయింది. ప్లగ్గు విప్పి చూపిస్తే నల్లగా మసిబారి, పెట్రోలు కారుతోంది. అసిరయ్య మొహం మాడిపోయింది. మన ఊరి మెకానిక్కుకి మంచంటే చలే గుర్తొస్తుంది గానీ ఇంకేం గుర్తొస్తుంది? చోక్ లాగితే పెట్రోలు ఇంకా ఎక్కుతుంది; దాహం లేనిదానికి ఇంకో చెంబు తాగించాడు.

"ఎంత ఎత్తున ఉన్నావురా?"

"పదేను వేల అడుగులు మావా."

ఒకసారి శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కినప్పుడు తన మోపెడ్ నల్లపొగ కక్కుతూ చతికిలబడ్డ సంగతి అసిరయ్యకి గుర్తొచ్చింది. ఆ కొండ అయిదు వేల అడుగులు. అంటే వీడు మూడు మహేంద్రగిరులు ఒకదాని మీద ఒకటి పేర్చిన చోట నిలబడి మాట్లాడుతున్నాడు!

"ఒరే, దానికి జబ్బు నేదురా! గాలి సాలక, పెట్రోలెక్కువైపోనాది. కార్బురేటర్ విప్పు. ఫోను సార్జరు వైరు ఒలిసి, అందులో సన్నటి రాగి పోగు ఒక్కటి తీయి."

పెట్రోలు ఎక్కే జెట్టుకి ఆవగింజ కూడా పట్టని కన్నం ఉంటుంది. త్రినాథ్ గ్లౌజులు తీసేసి, కొంకర్లు పోతున్న వేళ్లతో ఆ పోగుని కన్నంలో దూర్చి, రెండు కొసలూ వంచాడు. కన్నం అంతమేర సన్నబడింది. కొత్త ప్లగ్గు బిగించి తాడు లాగాడు.

బండి గర్జించింది. ఆ చప్పుడు రేకుల షాపంతా నిండిపోయింది. మంచు పైకి లేచింది, చెక్కబల్ల కదిలింది, ఫోను తెరంతా తెల్లగా అయి ఆగిపోయింది.

అప్పుడే క్యారేజీతో వచ్చిన భార్య లక్ష్మణమ్మకి అసిరయ్య ఈ విషయమంతా చేతులు తిప్పుతూ చెప్పాడు. చెబుతూ చెబుతూ సగంలో ఆగిపోయాడు.

"ఏటయిపోనాది?" అందామె.

"దిగుతంటే గాలి సిక్కబడతాదే! ఆ తీగ అలగే ఉంటే పెట్రోలు సాలదు. ఇంజను కాలిపోయి దారి మజ్జిలో పట్టీసి ఆగిపోతాది. తీగ తీసీమని సెప్పనేదే నేను!"

ఫోను కలవలేదు. పది సార్లు చేశాడు, ఇరవై సార్లు చేశాడు. అన్నం ముట్టలేదు. ఆ తెల్లటి చోట ఆగిపోయిన బండీ, దుప్పట్లలో పిల్లా కళ్లముందు కదిలారు. తన తెలివే ఆ తల్లీబిడ్డల ప్రాణాల్ని మింగేసిందనుకున్నాడు.

రెండు దాటాక ఫోను మోగింది.

"ఆస్పత్రిలో ఉన్నాం మావా! కోసి తీసినారు. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు."

"తీగరా? ఆ తీగ?"

"సగం దారిలో ఆపి పీకీసినాను."

"నీకెవుడు సెప్పినాడు?"

"ఎవుడూ సెప్పనేదు. అక్కడికొచ్చేసరికి నాకు ఊపిరి సులువుగా ఆడినాది. నాకు గాలి దొరికితే బండికీ దొరికే ఉంటాది గదా అనుకున్నాను."

అసిరయ్య నలభై ఏళ్లు ఇంజన్ల చప్పుడు విన్నాడు గానీ, వాటికీ తనకీ ఒకటే గాలి అని ఎన్నడూ అనుకోలేదు. ఫోను లక్ష్మణమ్మ చేతిలో పెట్టి, షాపు బయటికొచ్చి ఎండలో నిలబడి గుండెల నిండా గాలి పీల్చాడు. ఎంత చిక్కగా ఉందో! ఇన్నేళ్లూ ఊరికే పీల్చేశాడు.