సంపులో వదిలిన చోటు

రిస్కుల్‌ది పగలంతా సముద్రంలోంచి ఉప్పు తీసే ఉద్యోగం. ఇప్పుడు ఇంటికొచ్చి మంచినీళ్లలో ఉప్పు కలుపుతానంటోంది. అక్తావ్‌లో నలుగురు నవ్వుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ ఊరికి నది లేదు. కాస్పియన్ సముద్రపు నీళ్లను మరిగించి, ఆవిరి పట్టి, కుళాయిల్లోకి పంపే కర్మాగారమే దిక్కు. అందులో మీటర్ల ముందు కూర్చునే మనిషి రిస్కుల్. శిక్షణ కోసం ఆల్మాటీ వెళ్లినప్పుడు, తోటి ఉద్యోగి ఒకాయన వంటింట్లో గాజుపెట్టె చూసింది. లోపల పగడాలు. రాళ్లనుకుంది. దగ్గరికెళ్తే అవి ఊపిరి పీలుస్తున్నాయి. తోలుకోటు కూడా విప్పకుండా అలాగే నిలబడిపోయింది. టీ చల్లారింది, మళ్లీ పోశారు, అదీ చల్లారింది. అందం డబ్బున్నవాళ్ల హాల్లోనే ఉండాలని ఎవడో ఎక్కడో రాసిపెట్టాడనుకుంటాం గానీ, వెతికితే ఆ కాగితం ఎవరి దగ్గరా ఉండదు. తనింట్లోనూ ఒకటి పెట్టుకోవాలని ఆ రోజే నిశ్చయించుకుంది.

భర్త ఎడారిలో చమురు బావుల దగ్గర ఉంటాడు. ఇల్లు నడిపేది అత్త ఒరిన్షా. కోడలు ఆవిడని అపా అంటుంది.

"కిటికీ తెరిస్తే సముద్రం. ఒక బకెట్ ముంచుకొచ్చి పోసుకోక, ఆ ఉప్పు సంచీ ఏంటే?" అంది ఒరిన్షా.

"మన సముద్రం చప్పన అపా. పగడానికి దీనికి దాదాపు మూడింతలు ఉప్పుండాలి."

"అంటే దానికీ నోటి రుచి ఎక్కువే. కోడలికి తగ్గ పెంపకం."

అంటూనే షరతు పెట్టింది. కింది ఇంట్లో ఉండే ఇజ్బాసర్‌దీ ఆవిడదీ ఒకటే ఈడు. ఒకే ఏడు పుట్టినవాళ్లు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, అది ఆ జనం పద్ధతి. అందుకే ఆయన నోరంటే ఒరిన్షాకి భయం. పైగా ఆయన కూతురికి సంబంధం కుదిరింది. వియ్యాలవారు వస్తారని ఇంటి కప్పుకి లోపలివైపు తెల్లగా రంగు వేయించాడు.

"ఆ తెల్ల కప్పు మీద ఒక్క చుక్క పడిందా, నీ గాజుపెట్టె బాల్కనీకి పోతుంది. దాంట్లో పెరుగుండలు ఎండబెడతా. మాటివ్వు."

రిస్కుల్ మాటిచ్చింది. ఇచ్చాక నిద్ర కరువైంది.

గాజుపెట్టె చిన్నదే, పసిపిల్ల ఉయ్యాలంత. కానీ నీళ్లు ఊరికే నిలవ ఉంటే పగడం బతకదు. కదలాలి, వడకట్టాలి, వేడి సరిచూడాలి. ఆ సరంజామా అంతా పైపెట్టెలో కుక్కితే అది సముద్రంలా ఉండదు, మోటారు కొట్టులా ఉంటుంది. అందుకని కింద బీరువాలో ఇంకో గాజుపెట్టె పెట్టాలి. అదే సంపు. పైపెట్టె మూలన దువ్వెన పళ్లలా కోసిన గాజుపలక. నీళ్లు ఆ పళ్లెక్కి అలుగు పారతాయి, దిగుడు పైపులో సంపుకి జారతాయి, అక్కడ శుభ్రమవుతాయి, మోటారు వాటిని ఎక్కుడు పైపులో మళ్లీ పైకి తోస్తుంది. దిగుడు పైపుకి ఏ నత్తో అడ్డం పడితే? పక్కనే ఇంకో పైపు, కాస్త ఎత్తులో, ఖాళీగా, ఆపదకి.

ఇదంతా గోడ మీద బొగ్గుతో గీసింది. పైపు బిగించడానికని పాత గోడకాగితం చింపితే సున్నం పెచ్చుతో సహా ఊడింది. లోపల రాయి బయటపడింది. అక్తావ్ ఇళ్లు గవ్వరాతి ఇళ్లు. వేలిగోరంత గవ్వలు, లెక్కలేనన్ని, ఒకదాన్నొకటి కరుచుకుని గడ్డకట్టిన రాయి. ఇన్నేళ్లు ఆ గోడకి చేరగిలబడి టీ తాగింది, అది ఏనాటిదో సముద్రం అడుగని ఒక్కనాడూ తోచలేదు. చేయి పెట్టి చూసింది. మళ్లీ సున్నం పూయలేదు.

అన్నిటికన్నా గట్టి చిక్కు కరెంటు. మోటారు ఆగిపోతే అలుగు అంచుకి పైనున్న నీళ్లన్నీ సంపులోకి దిగుతాయి. అంతేనా, ఎక్కుడు పైపు వెనక్కి పీల్చడం మొదలుపెట్టి పైపెట్టెని ఖాళీ చేస్తుంది. దానికి రిస్కుల్ పైపు మూతికి, నీటిమట్టానికి కాస్త కిందుగా, చిన్న బెజ్జం పెట్టింది. మట్టం తగ్గగానే అది గాలి పీలుస్తుంది, పారకం తెగుతుంది.

"పైపుకి చెవులు కుడుతున్నావా?" అంది ఒరిన్షా. "పోగులు నేనిస్తాలే."

ఇక దిగే నీళ్లకి చోటు. అందుకే సంపు సగానికి కాస్త పైదాకా మాత్రమే నింపి, అక్కడ గోళ్ల రంగుతో ఎర్రగీత గీసింది. పైది ఖాళీ. ఖాళీగానే ఉండాలి.

ముందు మంచినీళ్లతో పరీక్ష. మోటారు ఆడింది, అలుగు పారింది. గాజుపళ్ల మీంచి నీళ్లు పట్టుబట్టలా జారాయి. అప్పుడు ప్లగ్గు పీకింది. సంపులో నీళ్లు ఎర్రగీత దాటాయి, ఇంకా పైకి, ఇంకా పైకి. బెజ్జం గురగురమని గాలి పీల్చింది. నీళ్లు అంచుకి వేలెడు కింద ఆగిపోయాయి. రిస్కుల్ గోడ మీది బొగ్గు బొమ్మకేసి చూసింది. తను గీసిన గీతల మాట నీళ్లు విన్నాయి. ఇంతకన్నా పెద్ద వింత ఏ దొర కొలువులో ఉంటుంది?

మర్నాడు ఆ మోటారు ఆడుతుండగానే పనికి వెళ్లింది.

ఆ మధ్యాహ్నమే నీళ్లు బంద్ అని ఫోన్లలో కబురొచ్చింది. ఎప్పటినుంచో చెప్పారు, ఎప్పటిదాకానో చెప్పలేదు, ఎందుకో అసలే లేదు. ఆ కబురు వింటే అక్తావ్ ఆడవాళ్లు ప్రశ్నలడగరు, కుళాయిలు తిప్పుతారు. ఒరిన్షా స్నానాల తొట్టి నింపింది. బకెట్లు, బిందెలు, సూప్ కుండ, ఆఖరికి పూలకుండీ కూడా నింపింది. ఆ ఊళ్లో ఖాళీ పాత్ర కనబడితే ఆడదాని చేయి ఊరుకోదు. ఊరుకుంటే ఇల్లు ఎండుతుంది, అది వాళ్లు పుట్టినప్పటినుంచీ చూసిన సంగతి. బీరువా తలుపు తీసి చూసింది. గాజుపెట్టె, సగం ఖాళీ.

"మతిమరుపు పిల్ల" అనుకుని అంచుదాకా నింపేసింది.

ఆ ఊళ్లో కరెంటూ నీళ్లూ ఒకే కర్మాగారం గడపలోంచి వస్తాయి. ఒకటి తుమ్మితే రెండోదానికి జలుబు. సాయంత్రం రిస్కుల్ మెట్లెక్కుతుండగా నడవాలో దీపం ఆరిపోయింది. ఆమె భయపడలేదు. చోటుంది కదా. తలుపు తీసేసరికి తివాచీ కింద నీళ్లు.

ఒరిన్షా రెండు చేతులా పిండితో బొమ్మలా నిలబడి ఉంది. "నేనేం ముట్టుకోలేదే" అంది ముందే.

మాట్లాడే వ్యవధి లేదు. రాత్రి భోజనానికి బెష్‌బర్మాక్ వండాలని పిసికిన పిండిముద్ద బల్ల మీద ఉంది. రిస్కుల్ దాన్ని లాక్కుని దిగుడు పైపు నోట్లో కుక్కింది. పారకం ఆగింది. కానీ పడాల్సింది అప్పటికే పడింది.

కాసేపటికి ఇజ్బాసర్ వచ్చాడు. జీవితమంతా గవ్వరాతి గనుల్లో రాయి కోసిన మనిషి. భుజాలు ఇంకా రాళ్లలాగే ఉంటాయి. రిస్కుల్ ఆయన్ని ఆగా అంటుంది.

"ఒరిన్షా, నా ఇంటి కప్పు ఏడుస్తోంది. మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"నువ్వింకా ఉన్నావుగా, అందుకేమో. లోపలికి రా, గడపలో నిలబడకు."

తగువుకొచ్చినా గడప దాటితే అతిథే. ఒరిన్షా వేడి ఫ్లాస్కులోంచి టీ పోసింది. రిస్కుల్ మోకాళ్ల మీద కూర్చుని పైపు మరలు విప్పుతోంది. కళ్లు తుడుచుకోవడం లేదు, చేతులు తడి.

"ఏం చేస్తున్నావే?"

"మాటిచ్చాను కదా అపా. బాల్కనీకి మోస్తున్నా."

ఒరిన్షా ఫ్లాస్కు మూత బిగించి పక్కన పెట్టింది. తర్వాత ఇజ్బాసర్ వైపు తిరిగింది.

"కోడల్ని ఏమీ అనకు. నీళ్లు పోసింది నేను. అడగకుండా, అంచుదాకా."

"గీత గీశాను కదా అపా?"

"గోళ్ల రంగు ఒలికిందనుకున్నా. అయినా ఇంత పెట్టె కొని సగం ఖాళీగా ఉంచేదేంటి? ఎవరికి తెలుస్తుంది?"

రిస్కుల్ తలెత్తింది. ఇజ్బాసర్ చేతిలో పియాలా. అందులో టీ సగం కూడా లేదు.

"అపా, ఆగాకి టీ నిండా పోయలేదేం?"

"ఛీ, నిండా పోస్తే తాగేసి లేచిపొమ్మన్నట్టు కాదూ? ఎంత తగువైనా అంత మర్యాద తప్పుతానా?"

"ఆ ఖాళీ మర్యాదే అపా. కరెంటు పోతే పైనీళ్లు చుట్టపుచూపుగా కిందికొస్తాయి. వాటికి చోటుంచాను. మీరు పియాలా నిండా పోసేశారు. ఇక అవి ఎక్కడికి పోతాయి? ఆగా ఇంటికి పోయాయి."

ఒరిన్షా బీరువాలోకి వంగి ఆ ఎర్రగీతని చూసింది. ఖాళీ అంటే లేకపోవడం అనుకునే మనిషి కాదు ఆవిడ, ఏళ్లతరబడి ఎన్ని పియాలాలు సగం పోసిందో. ఈ పెట్టెలో మాత్రం గుర్తుపట్టలేకపోయింది.

"చెప్పవేం ముందే, ఇలా టీ భాషలో?" అంది చివరికి. "పైపులూ బెజ్జాలూ అంటావు."

ఇజ్బాసర్ పియాలా చాచాడు. మళ్లీ కొంచెమే పోసింది.

"మచ్చ కింద నేనే కూర్చుంటా" అన్నాడు. "వియ్యాలవారు కప్పు చూడకుండా నా మొహం చూస్తారు, అది ఎలాగూ అంతకన్నా పాడైంది. ఈసారికి వదిలేస్తున్నా. మళ్లీ కరెంటు పోయిన రోజు నేనే పైకొస్తా. నా కళ్లముందు నీళ్లు ఆగితే సరే. అంచు దాటితే ఆ పెట్టెని మెట్ల మీదుగా నేనే దొర్లిస్తా."

పెట్టె బతుకు ఆ రోజు దాకా వాయిదా పడింది.

రిస్కుల్ ఉప్పు కలిపింది, రాళ్లు పేర్చింది, ఓపిక పట్టింది. నీళ్లు పగడం బతికేలా పండటానికి వారాలు పట్టింది. చలికాలం మొదట్లో ఆల్మాటీ నుంచి బొటనవేలంత పగడం ముక్క వచ్చింది. నీళ్ల సంచీలో, ఉన్ని శాలువాలో చుట్టుకుని, పసిబిడ్డలా. రాతి మీద అతికిస్తే ముడుచుకుని కూర్చుంది. ఒరిన్షా రోజూ దాన్ని పలకరిస్తుంది, "ఏమ్మా, అలిగావా?" అని. మళ్లీ నీళ్లు బంద్ అన్నప్పుడు ఊరంతా కుండలు నింపింది, ఆవిడా నింపింది. సంపు ముందు మాత్రం కర్ర పట్టుకుని కూర్చుంది. ఎవరి నుంచి కాపలా అంటే, "నా చేతుల నుంచే" అంది.

ఒక మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి లేచింది. తీగలు ఊళ పెట్టాయి. మంచుమబ్బుకి పట్టపగలే ఇల్లు చీకటైంది. కరెంటు పోయింది.

తలుపు తట్టకుండానే ఇజ్బాసర్ వచ్చేశాడు, చేతిలో టార్చి. ముగ్గురూ బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు.

మోటారు చప్పుడు లేదు. దిగుడు పైపు మాత్రం మాట్లాడుతోంది. సంపులో నీళ్లు ఎర్రగీత దాటాయి.

"దాటింది" అన్నాడు ఇజ్బాసర్.

"దాటుతుంది. కూర్చో" అంది ఒరిన్షా.

నీళ్లు పాకుతున్నాయి. అంచుకి అరచేయంత దూరం. మూడు వేళ్లు. రెండు.  పైన బెజ్జం గురకపెట్టినట్టు గాలి పీల్చింది. నీళ్లు ఒక్కసారి ఊగాయి. ఆగాయి. వేలెడు కింద, అద్దంలా.

 బయట గాలి ఊరిని పీకేస్తోంది. ఇక్కడ ఒక సముద్రం తన చోటికి తనే వచ్చి కూర్చుంది.

"చుట్టాలు దిగారు" అంది ఒరిన్షా మెల్లగా.

రిస్కుల్ లేచి బ్యాటరీ గాలిపంపు పెట్టింది, పగడానికి ఊపిరాడాలి కదా. ఇజ్బాసర్ టార్చి పైపెట్టె మీదికి తిప్పాడు, తిప్పి అలాగే ఉండిపోయాడు. ఇన్నాళ్లూ ముడుచుకున్న ముక్క ఆ చీకట్లో విచ్చుకుంది. చుట్టూ గాజుదారాల్లాంటి వేళ్లు, కొసకొసనా తెల్లటి చుక్క, దేన్నో వెతుకుతూ ఊగుతున్నాయి.

"ఇది బతికున్న రాయా?"

"రాయిని కట్టేది, ఆగా. నీళ్లలో సున్నం తీసుకుని, రోజూ కాస్తంత, తన కిందే కట్టుకుంటుంది."

ఇజ్బాసర్ ఎడమచేయి పక్కకి చాచి, సున్నం ఊడిన గోడని తడిమాడు. గవ్వల మీద వేళ్లు నడిచాయి.

"నేను కోసిన గనిలోదే ఈ రాయి. రంపం పట్టు చూస్తే తెలుస్తోంది. బతుకంతా కోశాను. ఇది ఎవరో కట్టిందని ఎవడూ చెప్పలేదు."

"అడిగావా?" అంది ఒరిన్షా.

"లేదు. నువ్వడిగావా?"

ఆవిడ గోడనీ పగడాన్నీ మార్చి మార్చి చూస్తోంది, ఇద్దరు అక్కచెల్లెళ్ల పోలికలు పట్టేదానిలా.

కాసేపటికి కరెంటు వచ్చింది. మోటారు గొణిగింది. సంపులో నీళ్లు తగ్గుతూ తగ్గుతూ ఎర్రగీతకి వచ్చాయి. పైన అలుగు మళ్లీ పారింది. ఒరిన్షా టీ పోసి పియాలా అందించింది, సగం కన్నా తక్కువ.

ఇజ్బాసర్ చేయి చాచలేదు. మోకాళ్ల మీద నుంచి లేవనూ లేదు.

"ఉండు" అన్నాడు. "నీళ్లు ఇంకా పైకెక్కుతున్నాయి."