రేపటి బువ్వకు పిలుపు

జ్యోతిలక్ష్మి అప్పటికే మూడో వరుస గడ్డి పరిచి, యూరియా కలిపిన నీళ్లు చిలకరిస్తోంది. మోచేతుల దాకా తడి, గోళ్లలో మట్టి, చున్నీ నడుముకు బిగించి ఉంది. తెలుగు మాట్లాడే సరిహద్దు ఊరు లక్కడ్‌కోట్‌లో సారక్క కొట్టం ముందు కొందరు రైతులు బీడీలు కాలుస్తూ చూస్తున్నారు. వ్యవసాయ కాలేజీ ఆఖరి ఏడు పిల్లలు కొన్నాళ్లు ఊళ్లో ఉండి రైతులకు కొత్త పద్ధతులు నేర్పాలి. జట్టులో తెలుగు వచ్చింది ఆమెకొక్కతికే. అందుకని చెప్పే పని ఆమెదే, చెప్పాక ఫొటోకి కాలేజీ బ్యానర్ ఓ కొస పట్టుకునే పనీ ఆమెదే.

బల్లార్పూర్ బొగ్గుగని క్వార్టర్లలో పెరిగిన పిల్ల. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పశువుల డాక్టరు కావాలనుకుంది, సీటు రాలేదు, ఇందులో చేరింది. అందుకు పెద్దగా ఏడ్చిందీ లేదు. సర్దుకోవడం ఒక్కటే ఆమెకు బాగా అబ్బిన విద్య. తరగతి ఫొటోల్లో ఆమె ఎక్కడుందో తల్లి కూడా వెతుక్కోవాల్సిందే.

గిట్ల కప్పి మూడు వారాలు ఉంచితే గడ్డికి బలమొస్తది, ఎద్దు మంచిగ తింటది అని ఆమె చెబుతుండగానే మబ్బు కమ్మింది. చివర ఇంకో మాట ఉంది: మిగిలిన నీళ్లు పశువు నోటికి అందనివ్వొద్దు, అవి విషం. ఈలోపే జట్టులోని అక్షయ్ ఫోన్ పైకెత్తి, వానొస్తోంది, ముందు ఫొటో కానిద్దామని మరాఠీలో తొందరపెట్టాడు. అందరూ నిలబడ్డారు. ఆమె తన కొస పట్టుకుంది. వెనకాల సారక్క ఎద్దు మైలోడు కూడా ఫొటోలో పడ్డాడు. నిజం చెప్పాలంటే అందులో చూడముచ్చటగా ఉన్నది వాడొక్కడే.

వాన రాలేదు. రైతులు మాత్రం వెళ్లిపోయారు. మిగిలిన నీళ్ల బకెట్ కొట్టం గోడ పక్కన ఉండిపోయింది.

మర్నాడు పోళా, ఎద్దుల పండుగ. ముందురోజు సాయంత్రం ఎద్దు మెడకు నెయ్యీ పసుపూ రాసి, రేపటి భోజనానికి పిలవడం అక్కడి ఆనవాయితీ. మొగుడు పోయాక సారక్కకు మిగిలింది ఆ ఒక్క ఎద్దే. దాన్ని పక్కింటి పోశం ఎద్దుతో జోడీ కట్టి దున్నించుకుంటుంది. మైలోడు లేకపోతే జోడీ లేదు, సేద్యమూ లేదు. వాడికి పోళీలు, అవే బొబ్బట్లు, చేసి పెట్టాలని పగలే శనగపప్పు నానబోసింది. ఇప్పుడు కాడి ఒరుసుకున్న చోట నెయ్యి రాస్తూ, వాడి చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఆజ్ ఆవతణ్ ఘ్యా, ఉద్యా జేవాయలా యా."

ఇవాళ పిలుపు అందుకో, రేపు బువ్వకు రా అని. ఇంట్లో అంతా తెలుగే అయినా ఎద్దును పిలవడం మాత్రం మరాఠీలోనే. వాళ్ల అత్త అట్లాగే పిలిచేదట.

ఆ ఇంట్లోనే ఉంటున్న జ్యోతిలక్ష్మి వాగులో బట్టలు ఉతుక్కుని వచ్చేసరికి మైలోడు వణుకుతున్నాడు. నోట్లోంచి నురగ, ఎడమ డొక్క ఉబ్బిపోయింది. ఆమె చూపు గోడ పక్కకు పోయింది. బకెట్ ఖాళీ.

"అవ్వా, గీ నీళ్లేం జేసినవ్?"

"కుడితిల పోసిన బిడ్డా. బలమొస్తదంటివి గద. రేపు పండుగాయె."

ఏం చేయాలో ఆమెకు తెలుసు. వెనిగర్, చన్నీళ్లు, పరీక్షలో రాసింది కూడా. ఊళ్లో వెనిగర్ ఎక్కడిది? ఆ పులుపుకు బదులు చింతపండు పిసికి, పోశం వచ్చి మైలోడి మూతి పట్టుకుంటే తాపింది. పశువుల డాక్టరు దూరాన ఇంకో ఊళ్లో ఉన్నాడు, బయల్దేరానన్నాడు. ఆయన వచ్చేలోపే, దీపాల వేళకు, మైలోడు కాళ్లు చాపేశాడు.

పాము ముట్టినట్టుందన్నాడు పోశం. సంగతి తెలిసి వచ్చిన అక్షయ్ వెంటనే తలూపి ఆమె వైపు చూశాడు. ఆమె కూడా తలూపితే అయిపోయేది. సారక్క నమ్మేది. జ్యోతిలక్ష్మికి లోపల ఏదీ కదల్లేదు. ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. తన చేతులు ఇంకెవరివో అన్నట్టున్నాయి.

"పాము గాదు," అంది. "ఆ నీళ్లు విషం. తాపొద్దని చెప్పుడు నా పని. చెప్పలే."

సారక్క తిట్టలేదు. పసుపంటిన తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది.

"పిలిచిన గద బిడ్డా, రేపు బువ్వకు," అంది. "పిలిచి, నేనే తాపితి."

అక్షయ్ ఫోన్ మోగింది, కాలేజీ నుంచి. ఫొటో బాగుందట, బ్యానర్ ఒక కొస మాత్రం ముడత పడిందట. పోశం ట్రాక్టర్ తెచ్చాడు. నలుగురూ చేయివేసి ఎద్దును ఎక్కించి తీసుకుపోయారు. సారక్క వెంట నడిచింది. జ్యోతిలక్ష్మి కూడా నడిచింది.

అరుగు మీద గిన్నెలో శనగపప్పు నానుతూనే ఉంది. నీళ్లన్నీ పీల్చుకుని ఉబ్బి, మూతను కొంచెం పైకి లేపింది.