దగ్గేవాళ్ళు ఎవరూ లేరు

"బిడ్డకు ఇంత కూడు సక్కంగా పెట్టుంటే ఇట్టా అయ్యుండునా" అంది అత్త చంద్రకాంతమ్మ, పంకజాక్షి అంట్లు తోముతుంటే. పంకజాక్షి తల ఎత్తలేదు. రెండు నెలలుగా వింటున్న మాటే. నాలుగేళ్ల మహితకు సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. గౌను భుజాల మీద నిలిచేది కాదు. సత్యవేడులో ఇచ్చిన సిరప్పులన్నీ అయిపోయాయి. అప్పట్లో తల్లిపాలలో సత్తువ లేకపోయిందన్నారు, దిష్టి అన్నారు. అన్నిటికీ తలూపింది. ఏడవడం కూడా ఒక పనిలాగే తోచి మానేసింది.

ఆఖరికి తిరుపతిలో పిల్లల డాక్టరుకు చూపించారు. ఆయన మహిత చేతికి చిన్న సూది వేసి మూడో రోజు రమ్మన్నాడు. ఆ చోటు ఎర్రగా, గట్టిగా ఉబ్బింది. ఎక్స్‌రే తీశారు. పరగడుపున ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి కడుపులోని నీళ్లు తీశారు. ఇంత చిన్నపిల్లలు కళ్ళె ఉమ్మలేరు, మింగేస్తారు, అందుకే ఇలా తీయాలన్నాడు డాక్టరు. బిడ్డ చేతులు రెండూ పట్టుకున్నది పంకజాక్షే. చూడలేనని భర్త రవిచంద్ర బయటికి వెళ్ళాడు.

టీబీ అని తేలింది. ఆరు నెలలు మానకుండా మందులు వేస్తే నయమవుతుందన్నాడు డాక్టరు. పిల్లలకు ఇది పెద్దవాళ్ళ నుంచే వస్తుంది, ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా అని అడిగాడు.

"దగ్గేవాళ్ళు ఎవురూ లేరు సార్" అన్నాడు రవిచంద్ర.

మామ వెంకటముని ఏడాదిగా దగ్గుతున్నాడు. ఆయన ఉమ్మే బూడిద చిప్పను రోజూ పారబోసేది పంకజాక్షే. మహిత ఆయన పక్కలోనే పడుకుంటుంది, ఆయన చేతి ముద్దే తింటుంది. పంకజాక్షి భర్త ముఖం చూసి ఊరుకుంది. తిరుగు బస్సులో అతను మెల్లగా చెప్పాడు. నాయన పేరెత్తితే తమ అంగడికి ఎవరూ రారట. ఎవరైనా అడిగితే ఆమె పుట్టింటి నుంచి అంటిందని చెప్పాలట. ఆమె ఒళ్ళోని బిడ్డకు కొంగు కప్పింది.

మందులు మొదలయ్యాక నెల తిరక్కుండానే మహిత అన్నం అడిగి తినసాగింది. పంకజాక్షి పిల్లను తన పక్కలో పడుకోబెట్టుకుంటే, ముసలాయన్ని దూరం పెడుతోందని అత్త ఇరుగుపొరుగుకు చెప్పుకుంది.

మందులు సరిగా వేస్తున్నారో లేదో చూడడానికి ఒకరోజు నర్సు జయంతి ఇంటికి వచ్చింది. ఆమె కూడా దగ్గు సంగతే అడిగింది. అత్త లేదంది. రవిచంద్ర లేదన్నాడు. పంకజాక్షి చేతిలోని చేట కింద పెట్టింది.

"మా మామకుండాది. ఏడాదయింది. ఆయన కళ్ళె పరీక్ష సేయండి."

తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. భయం వేయలేదు, ధైర్యంగానూ అనిపించలేదు. అత్త నెత్తి కొట్టుకుంది. రవిచంద్ర చెప్పులేసుకుని అంగడికి వెళ్ళిపోయాడు. అరుగు మీదున్న వెంకటముని పంకజాక్షి వైపు తిరిగాడు.

"బిడ్డకు నా వల్లనే వచ్చిందా అమ్మా?"

"మందులుండాయి మామా. ఇద్దరికీ నయమైతాది" అంది పంకజాక్షి.

ఇంట్లో అందరికీ పరీక్ష చేయాలి, పేర్లు చెప్పమని జయంతి పుస్తకం తెరిచింది. పంకజాక్షి మామ పేరు, అత్త పేరు, భర్త పేరు చెప్పి ఆగింది.

"నీ పేరు సెప్పలేదే అక్కా?"

తనకూ నెల రోజులుగా దగ్గు వస్తోందని పంకజాక్షికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని వినలేదు. ఆమే వినలేదు.

"పంకజాక్షి అని రాసుకో" అంది. "అందరికన్నా ముందు నాకే సేయండి."