ఇనుప ఎద్దుకు నీళ్లు

గట్టు ఎక్కుడు సగంలో ఉండగానే కారు మూతిలోంచి ఆవిరి తన్నుకొచ్చింది. డ్రైవర్ దేవదాసు ఇంజన్ ఆపేలోపే బక్కయ్య పక్కమెట్టు మీంచి దూకి వెనక చక్రానికి రాయి పెట్టాడు. తలగుడ్డ చేతికి చుట్టుకుని, మొహం పక్కకు పెట్టి, రేడియేటర్ మూత తీశాడు. పక్కకు పెట్టడం ఆలస్యమైన రోజుల గుర్తులు ఎడమ చెంప మీద ఉన్నాయి. కిరసనాయిలు డబ్బా మోసీ మోసీ కుడి భుజం కిందికి జారింది.

వనపర్తిలో ఎవరో పెద్దమనిషి వాడి వదిలేసిన కారు అది. అనంతయ్య సేటు కొని, పెబ్బేరు దాకా కిరాయికి తిప్పుతున్నాడు. పోయిన వేసవిలో ఫ్యాన్ రెక్క విరిగింది. యుద్ధం వల్ల కొత్త సామాను రావడం లేదు. ఎక్కుడు వస్తే నీళ్లు మరిగేవి, నీళ్లు పోయడానికి బక్కయ్య ఉండేవాడు. మనిషి విలువను, అతను లేకపోతే ఏది ఆగుతుందో దాన్నిబట్టి కట్టాలి. బక్కయ్య లేకపోతే కారు ఆగేది. చేతిలో వేరే సరుకు లేని మనిషికి అంతకన్నా మంచి పెట్టుబడి లేదు.

గట్టు మీద ఊరు, ఊరి మొదట్లో హన్మమ్మ బావి. దాని మెట్లు బక్కయ్య వాడవాళ్లు దిగకూడదు. డబ్బా కింద పెట్టి దూరంగా నిలబడితే ఆమె ఎత్తునుంచి పోస్తుంది. కారెక్కక ముందు అతను ఆ ఇంట్లోనే ఎడ్లకాడ జీతమున్నాడు. ఆమె దాన్ని మరచిపోలేదు.

"నా ఎడ్లకు పెట్టనీకె నామోషీ అయింది నీకు. ఇనుప ఎద్దుకు పెడుతున్నవ్. గది ఎంత తాగినా పెండ గూడ ఎయ్యదు."

బక్కయ్య నవ్వాడు. ఆరోజు బొక్కెనలో బురదే వచ్చింది. హన్మమ్మ కాసేపు బావిలోకి చూసి, తెల్లారినప్పటినుంచి తోడి ఎడ్లతొట్టిలో పోసుకున్న నీళ్లు ముంచి డబ్బాలో పోసింది. డబ్బా ఎత్తుకుంటూ అతను వెనక్కి చూశాడు. ఎడ్లు తొట్టి అడుగు నాకుతున్నాయి.

పెబ్బేరు సంతలో పశువుల గుంపు దాటాక పాత ఇనుము సాయిబు దుకాణం. ఫ్యాన్ కోసం అక్కడ కారు దిగిన సేటు కన్ను ఎర్రరంగు వేసిన లారీ ఫ్యాన్ మీద పడింది. పక్కన తుప్పుపట్టిన చిన్న ఫ్యాన్ ఉంది. బెల్టు తిప్పే చక్రం కూడా దానికే కారుకు సరిపోయేలా ఉంది. దేవదాసు దాన్ని చూపించాడు.

"గిదేంది, ముసలోని పండ్ల లెక్కున్నది," అన్నాడు సేటు.

ఎర్రదాన్నే బిగించారు. సందులో తోలుముక్కలు పెట్టాల్సి వచ్చింది. ఇంజన్ నడిపితే ఫ్యాన్ గట్టిగా హోరెత్తింది. సేటు తృప్తిగా తలూపాడు. బక్కయ్య తన అలవాటు చోట, కారు ముందు నిలబడ్డాడు. వేడిగాలి మొహాన కొట్టింది.

విరిగిన ఫ్యాన్ కూడా గాలిని లోపలికే పీల్చేది. ఇది బయటికి తోస్తోంది. దారిలో ఎదురుగాలికి ఇది అడ్డం పడుతుంది, ఎక్కుడు మీద నీళ్లు మునుపటిలాగే మరుగుతాయి. కారు ముసలిదైందని అందరూ అనుకుంటారు. ముందు నిలబడింది తనొక్కడే. నోరు మూసుకుంటే పక్కమెట్టు తనదే. అతను కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, మళ్లీ అక్కడికే వచ్చాడు. తొట్టి అడుగు నాకే ఎడ్లు కళ్లలోంచి పోలేదు.

"సేటూ, గిది ఉల్టా ఊదుతున్నది."

"గాలి గాలే గద."

బక్కయ్య తలగుడ్డ విప్పి రేడియేటర్ ముందు పట్టాడు. గుడ్డ ఎగిరి అతని రొమ్ముకే తగిలింది. దేవదాసు దిగొచ్చి చెయ్యి పెట్టి చూశాడు.

"ఔ సేటూ. గిది ఉల్టాదిక్కు తిరిగే ఇంజన్‌ది."

సాయిబు తుప్పుదాన్ని తీసి ఇచ్చాడు. దాన్ని బిగించి నడిపితే గుడ్డ రేడియేటర్‌కు అంటుకుపోయింది. లాగితేగాని రాలేదు.

తిరుగు దారిలో కారు ఎక్కడా ఆగకుండా గట్టెక్కింది. పెబ్బేరులో నింపుకున్న డబ్బా నింపినట్టే ఉంది. హన్మమ్మ బావి దగ్గర వనపర్తి పోయే మనిషి చెయ్యెత్తాడు. సేటు ఆవిరి లేని మూతిని, పక్కమెట్టును, ఆ మనిషిని వరసగా చూశాడు.

"బక్కయ్యా, ఇగ నీ జాగల కిరాయి కూసుంటది. ఏమనుకోకు. డబ్బ నువ్వే పెట్టుకో."

లెక్కలో తప్పులేదు. బక్కయ్య దిగాడు. దేవదాసు స్టీరింగును తుడుస్తూ ఉండిపోయాడు. కారు దుమ్ములో కలిసిపోయింది.

లోపలినుంచి హన్మమ్మ గొంతు వినిపించింది. "బక్కిగ, నువ్వేనా? మల్ల ఎడ్లకాడికి వస్తవా ఏంది?"

"తొట్టికాడ నీళ్లున్నయమ్మా. పొద్దుగాలటి బాకీ."

ఆమె బయటికి వచ్చేసరికి అతను పెబ్బేరు వైపు దిగిపోతున్నాడు. బరువేమీ లేకున్నా భుజం జారే ఉంది. తొట్టి గట్టు మీద డబ్బా, దాని పిడికి చుట్టిన పాత గుడ్డ. డబ్బా అంచుదాకా ఉన్న నీళ్లలో ఎద్దు మూతి పెట్టింది.